చైనా యాత్రికులు కారు, విద్యార్థులు

మన చరిత్ర పాఠాలలో ఫాహియాన్, హ్యూయాన్‌త్సాంగ్, ఇత్సింగ్ అనే మూడు పేర్లు ఒకే గొలుసులో వస్తాయి. ముగ్గురికీ కలిపి మనం ఇచ్చిన బిరుదు ఒకటే: చైనా యాత్రికులు. నేను బడిలో చెప్పినది తెలుగు. అయినా సాంఘిక శాస్త్రం అయ్యవారు సెలవు పెట్టిన రోజున ఆ తరగతికీ నేనే వెళ్ళేవాణ్ణి. పిల్లలు ఆ మూడు పేర్లనూ వల్లె వేసి ఒప్పగించేవారు. ఫాహియాన్ అంటే గుప్తుల కాలం, హ్యూయాన్‌త్సాంగ్ అంటే హర్షుని కాలం. మూడవ ఆయనకు జత చేయడానికి పేరున్న చక్రవర్తి ఎవరూ లేరు గనుక, నలందకు వచ్చాడన్న ఒక్క వాక్యంతో ఆయన కథ ముగిసేది. ఆ మూడవ ఆయనను గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ బిరుదు సంగతి చూద్దాం. ‘యా’ ధాతువుకు పోవడమని అర్థం. యాత్రికుడు వస్తాడు, చూస్తాడు, పోతాడు. ఒకే చోట పదేళ్ళు ఉండి, గది సంపాదించుకొని, పరాయి వ్యాకరణాన్ని కంఠస్థం చేసి, పరాయి తిండికి కడుపును అలవాటు చేసుకొన్నవాణ్ణి యాత్రికుడనడం సబబుగా తోచదు. అతడికి మన భాషలో వేరే మాట ఉన్నది: విద్యార్థి. అర్థి అంటే అడిగేవాడు. విద్యను అడగడానికి సముద్రం దాటి వచ్చినవాడు ఇత్సింగ్. దూరదేశపు విశ్వవిద్యాలయంలో కొత్తగా కాలుపెట్టిన విద్యార్థి ఏమేమి పడతాడో, ఎలా కుదురుకుంటాడో అంత వివరంగా చెప్పిన ప్రాచీన గ్రంథం ఆయనది తప్ప వేరొకటి నా కంట పడలేదు. జపాను పండితుడు తకకుసు దానిని 1896లో ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ అనువాదం ద్వారానే నాకు ఇత్సింగ్ పరిచయం.

ఇత్సింగ్ 635లో పుట్టాడు. హ్యూయాన్‌త్సాంగ్ ఎడారులు, కొండలు దాటి నేలమార్గాన వచ్చి, 645లో 657 గ్రంథాలతో చాంగాన్ నగరానికి తిరిగి చేరాడు. అప్పటికి ఇత్సింగ్ పదేళ్ళ బాలుడు. పెద్దయ్యాక తానూ వెళ్ళాలనుకొన్నాడు. తోడు వస్తామన్నవారు కొందరున్నారు గాని బయలుదేరే వేళకు ఒక్కొక్కరే తప్పుకొన్నారు. చివరికి 671లో కాంటన్ రేవులో ఒక పారశీక వర్తకుల ఓడ ఎక్కేటప్పుడు ఆయన వెంట మిగిలినది ఒక్క శిష్యుడు. ఇరవై రోజులు తిరగకుండానే ఓడ శ్రీవిజయం చేరింది. నేటి సుమత్రా ద్వీపంలోని పాలెంబాంగ్ అదే. అక్కడ ఆ శిష్యుడికి జబ్బు చేసింది, ఇంటిమీద బెంగ పట్టుకొన్నది. అతడు వెనక్కి వెళ్ళిపోయాడు. ఇత్సింగ్ ఒంటరిగా మిగిలాడు.

నేరుగా నలందకు పరుగెత్తకుండా ఆయన ఆరు నెలలు శ్రీవిజయంలో ఆగి శబ్దవిద్య నేర్చుకొన్నాడు. శబ్దవిద్య అంటే సంస్కృత వ్యాకరణమే. తరువాత మలయు, కడారం, దిగంబరులుండే ఒక దీవి మీదుగా 673లో తామ్రలిప్తి రేవులో దిగాడు. అది వంగదేశపు నేటి తమ్లుక్. అక్కడ మరొక ఏడాది ఆగాడు. మళ్ళీ భాషకోసమే. గమ్యం ఇంకా ఎన్నో రోజుల నడక దూరంలో ఉండగానే రెండేళ్ళకు పైగా గడిచిపోయాయి. ఆ కాలం వృథా అని ఆయన ఎక్కడా వాపోలేదు. పైగా తన తరువాత వచ్చేవారికి అదే సలహా ఇచ్చాడు: చైనానుంచి వచ్చే భిక్షువు శ్రీవిజయంలో ఒకటి రెండేళ్ళు ఉండి, అక్కడి నియమాలను అభ్యసించి, ఆ పైన మధ్యదేశానికి వెళ్ళడం మేలని.

ఆనాటి సంస్కృత విద్యాక్రమాన్ని ఇత్సింగ్ వరుసగా వ్రాసి పెట్టాడు. పిల్లలకు ఆరో ఏట అక్షరాల పుస్తకం మొదలు. దాని పేరు సిద్ధం. ఆరు నెలలలో అది పూర్తికావాలి. ఎనిమిదో ఏట పాణిని సూత్రాలు. ఎనిమిది నెలలలో నోటికి రావాలి. ఆ పైన ధాతుపాఠం, ఖిలాలు. పదిహేనో ఏట కాశికావృత్తి. అది అర్థం కావడానికి ఐదేళ్ళు. చైనానుంచి వచ్చేవారు ఈ క్రమాన్ని ముందుగా నేర్వకపోతే మిగిలిన శ్రమ అంతా వ్యర్థమని ఆయన కచ్చితంగా చెప్పాడు.

‘సిద్ధం’ అన్న మాట తెలుగువారికి పరాయిది కాదు. మన వీధిబడులలో ఓనమాలు దిద్దించేటప్పుడు శివుడికి నమస్కారం చెప్పిన వెంటనే వచ్చే మాట అదే. పలకమీద ఇసుకమీద వేలు పట్టి దిద్దించిన ఆ మాటనే, తన దేశంలో పండితుడనిపించుకొన్న ఇత్సింగ్ ముప్ఫై ఏడో ఏట, ఆరేళ్ళ పిల్లవాడు మొదలుపెట్టే చోట మొదలుపెట్టి నేర్చుకొన్నాడు. అక్షరాలను బొమ్మలుగా వ్రాసే లిపినుంచి ధ్వనులను వ్రాసే లిపికి, విభక్తి ప్రత్యయాలు లేని భాషనుంచి ఏడు విభక్తుల భాషకు రావడం ఎంత కష్టమో నాబోటివాడు ఊహించగలడు. పెద్దవయసులో చదువు ప్రారంభించినవారికి రాత్రిబడిలో అక్షరాలు చెప్పిన రోజులలో నేను చూశాను: వారికి అక్షరం కన్న బరువైనది సిగ్గు. ఇత్సింగ్ రచనలో ఆ సిగ్గు కనబడదు. భాష రానిదే ఏదీ రాదన్న ఎరుక మాత్రమే కనబడుతుంది.

తామ్రలిప్తిలో ఆయనకు దొరికిన గొప్ప ఆసరా ఒక స్వదేశీయుడు. ఆయన చైనా భిక్షువు. హ్యూయాన్‌త్సాంగ్ వద్ద చదివినవాడు. మన దేశంలో ఆయనకు మహాయానప్రదీపుడని పేరు. ఇలా సంస్కృతంలో కొత్త పేరు పెట్టుకోవడం ఆ విద్యార్థులలో మామూలు. ఒకరు ప్రకాశమతి, ఒకరు శ్రీదేవుడు, కొరియానుంచి వచ్చిన మరొకరు ఆర్యవర్మ. స్థానికుల నోరు తిరగడం కోసం మన పిల్లలు పరదేశంలో పేర్లు కత్తిరించుకొంటారని నొచ్చుకొనే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. మహాయానప్రదీపుడు సింహళం, దక్షిణాపథం తిరిగి, సముద్రపు దొంగల చేతిలో సర్వం పోగొట్టుకొని, తామ్రలిప్తిలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాడు. భాష వచ్చినవాడు, దారులు తెలిసినవాడు. ముందు వచ్చి కుదురుకొన్నవాడు వెనుక వచ్చినవాడికి చేయి అందించడమన్నది ఈనాడు అమెరికా విమానాశ్రయాలలో మన పిల్లలు కనిపెట్టినది కాదు. తామ్రలిప్తి రేవులోనే ఉన్నది.

ఆ చేయి విలువ ఎంతో దారిలోనే తేలింది. ఇద్దరూ వర్తకుల గుంపుతో కలిసి నలంద వైపు బయలుదేరారు. మహాబోధికి పదిరోజుల దూరంలో ఇత్సింగ్‌కు జబ్బు చేసింది. నడవలేక గుంపు వెనుక పడిపోయాడు. పొద్దు వాలే వేళ దొంగలు విల్లెక్కుపెట్టి చుట్టుముట్టి, పైబట్ట, కట్టుబట్ట, నడుముకు కట్టిన పట్టీతో సహా దోచుకొన్నారు. తెల్లని ఒళ్ళున్నవాణ్ణి పట్టుకొని దేవతకు బలి ఇస్తారన్న మాట ఆయన చెవిన పడి ఉన్నది. అందుకని బురదగుంటలో దిగి ఒళ్ళంతా బురద పూసుకొని, ఆకులు చుట్టుకొని, కర్ర ఊతంగా నడిచాడు. రెండో జాము వేళకు ఒక పల్లె దాపుకు వచ్చేసరికి, ఊరి వెలుపల నిలబడి తన పేరు పెట్టి పిలుస్తున్న మహాయానప్రదీపుని కేక వినిపించింది. ఆయన ఒక బట్ట ఇచ్చాడు. ఇత్సింగ్ చెరువులో ఒళ్ళు కడుక్కొని ఊళ్ళోకి వెళ్ళాడు. నలందకు వచ్చిన పరదేశ విద్యార్థి ఇలా వచ్చాడు.

పోలికకు హ్యూయాన్‌త్సాంగ్ రాకను చూడండి. ఆయన శిష్యుడు హుయిలి వ్రాసిన జీవితచరిత్ర ప్రకారం, రెండువందల మంది భిక్షువులు, వేయిమంది గృహస్థులు ఎదురేగి ఆయనను నలందకు తీసుకొనివచ్చారు. నూరేళ్ళు దాటిన కులపతి శీలభద్రుడు స్వయంగా శిష్యుడిగా స్వీకరించాడు. మొదటి ఏడు రోజులు బుద్ధభద్రుని ఇంట ఆతిథ్యం. తరువాత రోజుకు 120 తమలపాకులు, 20 వక్కలు, 20 జాజికాయలు, పచ్చకర్పూరం, రాజులకు, మహాపండితులకు మాత్రమే ఇచ్చే మహాశాలి బియ్యం, నెలనెలా నూనె. బయటికి వెళితే ఏనుగు. అయితే అదే గ్రంథం మరొక మాట కూడా చెబుతుంది: అంతటి మర్యాద పొందినవారు నలంద మొత్తంమీద ఆయనతో కలిపి పదిమందే. మిగతా వేలమంది ఎలా బ్రతికారో తెలియాలంటే ఇత్సింగ్ వద్దకే రావాలి.

ఇత్సింగ్ మొదట చెప్పేది స్వాగతం గురించి. ఆశ్రమానికి కొత్తవాడు రాగానే ఉన్నవారు ‘స్వాగతం’ అంటారు. వచ్చినవాడు ‘సుస్వాగతం’ అని బదులు పలుకుతాడు. మన పెళ్ళిపందిళ్ళ కమానులమీద కనబడే ఆ రెండు మాటలు ఒకనాడు ప్రశ్న, జవాబు. వెంటనే అతడి నీళ్ళచెంబు, భిక్షాపాత్ర అందుకొని కొయ్యకు తగిలించి, కూర్చోబెట్టి సేదతీరుస్తారు. ఐదు రోజులపాటు ఉన్నదానిలో మంచి భోజనం పెడతారు, బడలిక తీరేదాకా పని చెప్పరు. ఆరో రోజునుంచి అతడూ అందరిలాంటివాడే. నడవడి బాగుంటే సంఘం ఉండమంటుంది. పక్క, దుప్పటి ఇస్తుంది. మంచి చదువరి అయితే ఆశ్రమవాసుల పట్టికలో పేరెక్కుతుంది. అప్పటినుంచి పాతవారికీ అతడికీ భేదం లేదు.

ఈ నియమంలోని లౌక్యం నన్ను ఆకట్టుకొన్నది. ఐదు రోజుల తరువాత మర్యాద తగ్గించడం నిరాదరణ కాదు. ఎల్లకాలం అతిథిగా చూస్తే ఆ మనిషి ఎన్నటికీ ఇంటివాడు కాలేడు. మా ఇళ్ళలో కొత్తకోడలిని మూడు నిద్రల తరువాత వంటింట్లోకి పిలవడంలో ఉన్న తెలివే ఇదీ.

ఇక నిత్యకృత్యాలు. ఉదయమే గంట మ్రోగుతుంది. నలంద చుట్టూ పదికి పైగా పెద్ద కోనేళ్ళు. భిక్షువులు వందలు, వేలుగా స్నానపు బట్టలు తీసుకొని నలుదిక్కులా వెళతారు. జాములను నీటిగడియారంతో కొలుస్తారు. లేవగానే దంతకాష్ఠం నమలాలి. ప్రతి సంవత్సరం వర్షావాసానికి ముందు గదుల పంపకం. పెద్దలకు మంచివి, తక్కినవారికి వరుస ప్రకారం. ఆ కాలానికి అక్కడి జనాభా మూడువేలకు మించిందని, ఎనిమిది మహామందిరాలు, మూడువందల గదులు ఉండేవని, రెండువందలకు పైగా గ్రామాల ఆదాయం దానికి చెందేదని ఆయన లెక్క చెప్పాడు. కొత్త విద్యార్థి తిండికి, గుడ్డకు, పడకకు వెతుక్కోనక్కరలేకుండా చేసినది ఎవరో ఒక దాత దయ కాదు. ఆ గ్రామాల రైతుల పంట. వారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

భోజనం దగ్గర ఇత్సింగ్ పడిన ఆశ్చర్యం చదువుతుంటే తెలుగువాడికి నవ్వు రాక మానదు. ఇక్కడ పుల్లలతో తినరు, కుడిచేత్తో తింటారు. భోజనానికి ముందు కాళ్ళూ చేతులూ కడుగుతారు. ఒకరినొకరు తాకకుండా చిన్న పీటలమీద విడివిడిగా కూర్చుంటారు. మొదట అల్లం, ఉప్పు వడ్డిస్తారు. ఉల్లి తినరు, పచ్చికూరలు తినరు. అన్నిటికన్న ఆయనను కుదిపినది ఎంగిలి. నోట పెట్టుకొన్నది, చేయి తగిలినది మరొకరికి పనికిరాదు; తిన్నవాడు చేయి కడిగి, నోరు పుక్కిలించేదాకా ఎవరినీ తాకరాదు. తాగే నీటికి ఒక చెంబు, కాలకృత్యాలకు వేరొక చెంబు. తన దేశంలో ఇవేవీ పాటించరని ఆయన నొచ్చుకొని, అధ్యాయాల కొద్దీ వ్రాశాడు. ఎంగిలి అన్న ఒక్క మాటను పరభాషవారికి వివరించడానికి మనం ఎంత అవస్థ పడతామో తలచుకొంటే, ఆయన పడిన శ్రమ అర్థమౌతుంది. పరదేశంలో కుదురుకోవడమంటే ఇవన్నీ నేర్చుకోవడమే. గ్రంథాలలోని విద్య దాని తరువాతిది.

భాష ఇబ్బంది హ్యూయాన్‌త్సాంగ్‌కూ తప్పలేదు. నలందలో కుదురుకొన్న తరువాత ఆయన మన ఆంధ్రదేశానికి వచ్చాడు. ఇక్కడి మాట, వాక్యపు తీరు మధ్యదేశంకన్న వేరని, లిపి మాత్రం చాలవరకు ఒకటేనని గుర్తించి వ్రాశాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మం చదివాడు. వారికి తాను మహాయానం చెప్పాడు. పరదేశి విద్యార్థి ఇక్కడ గురువు కూడా అయ్యాడు.

అయితే ఇత్సింగ్ మనసులో ఒక లోటు మిగిలిపోయింది. మన దేశంలో ఆయా దేశాలవారికి తమతమ విహారాలు ఉన్నాయి. వచ్చినవారు అక్కడ దిగుతారు, తిరిగి వెళ్ళడం సులువౌతుంది. చైనావారికి ఒక్కటీ లేదు, అందుకే తమవారికి రాకపోకలు ఇంత కష్టమయ్యాయి అని ఆయన వాపోయాడు. చీనా దేవాలయమని పేరున్న ఒకటి ఉండేది. శ్రీగుప్తుడనే రాజు పూర్వం కట్టించి గ్రామాలు ఇచ్చాడట. ఇత్సింగ్ నాటికి మిగిలినది పునాది ఇటుకలే. ఈ లోటు చిన్నది కాదని తక్కిన ఉదాహరణలు చెబుతాయి. మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉన్నదని మూడవ శతాబ్దపు ఇక్ష్వాకుల నాటి శాసనం చెబుతున్నది. బుద్ధగయలో సింహళరాజు మేఘవర్ణుడు తమవారికోసం విహారం కట్టించాడు. ఇత్సింగ్ తరువాత, తొమ్మిదో శతాబ్దంలో, సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు నలందలోనే ఒక విహారం కట్టించి, దాని పోషణకు ఐదు గ్రామాలు ఇమ్మని పాలరాజు దేవపాలుణ్ణి కోరాడు. ఆ తామ్రశాసనం 1921లో నలంద త్రవ్వకాలలో దొరికింది. సొంత దేశపు రాజు కట్టించి, ఆతిథ్యమిచ్చిన దేశపు రాజు భూమి ఇచ్చిన ఆ విహారాన్ని నేటి మాటలో హాస్టల్ అంటే తప్పులేదు.

ఆ ఆసరా లేనివారికి ఏమి జరిగిందో కూడా ఇత్సింగే వ్రాశాడు. ధర్మాన్ని వెతుకుతూ పశ్చిమదేశాలకు వచ్చిన యాభై ఆరుగురి జీవితాలను ఆయన గ్రంథస్థం చేశాడు. అందులో ఎక్కువమంది తిరిగి వెళ్ళలేదు. ఓడ మునిగినవారు, జబ్బున పడినవారు, ఆచూకీయే తెలియనివారు. కొరియానుంచి వచ్చిన ఆర్యవర్మ డెబ్భై దాటి నలందలోనే కన్నుమూశాడు. ఒకనాడు నలందలో చైనా గ్రంథాలు తిరగవేస్తుంటే ఒక ప్రతి చివర చిన్న వ్రాత కనబడింది: దంతకాష్ఠపు చెట్టు క్రింద కూర్చుని దీనిని వ్రాసుకొన్నవాడు సిల్లా దేశపు భిక్షువు హ్యేఓప్ అని. ఇత్సింగ్ అక్కడివారిని అడిగాడు. ఆయన ఇక్కడే పోయాడు, అప్పటికి అరవై ఏళ్ళుంటాయి అన్నారు. మరొకసారి మహాయానప్రదీపునితో కలిసి శ్రీదేవుడు నివసించిన గదికి వెళ్ళాడు. మనిషి లేడు. ఆయన చైనా పుస్తకాలు, సంస్కృతపు తాటాకు కట్టలు అలాగే ఉన్నాయి. చాంగాన్‌లో ఒకే తరగతిలో కూర్చున్న మిత్రుని ఖాళీ చాప చూసి మహాయానప్రదీపుడు కంటతడి పెట్టాడు. కొంతకాలానికి ఆ మహాయానప్రదీపుడు కూడా కుశీనగరంలో కాలం చేశాడు. బురద పూసుకొని వచ్చిన మిత్రుణ్ణి చీకట్లో పేరు పెట్టి పిలిచిన మనిషి పేరు మనకు తెలిసినది, ఆ మిత్రుడు వ్రాసిపెట్టినందువల్లనే.

ఇత్సింగ్ నలందలో సుమారు పదేళ్ళు చదివి, నాలుగువందల గ్రంథాల ప్రతులతో 685లో తిరుగుప్రయాణమై శ్రీవిజయంలో ఆగి అనువాదాలు మొదలుపెట్టాడు. కాగితం, సిరా, వ్రాయసగాళ్ళు చాలలేదు. 689లో వాటికోసం కాంటన్‌కు ఉత్తరం పంపుదామని రేవులోని ఓడ ఎక్కితే, గాలి అనుకూలించి ఓడ కదిలిపోయింది. అనుకోకుండా స్వదేశం చేరాడు. అయినా అక్కడే ఉండిపోక, నలుగురు సహాయకులను వెంటబెట్టుకొని ఆ ఏడే మళ్ళీ శ్రీవిజయానికి వచ్చాడు. 692లో నలభై అధ్యాయాల గ్రంథాన్ని ఒక భిక్షువు చేతికిచ్చి ముందుగా ఇంటికి పంపాడు. దక్షిణసముద్రాలనుంచి ఇంటికి పంపిన వృత్తాంతమనే ఆ గ్రంథం పేరు. తాను 695లో లోయాంగ్ చేరి, 713లో మరణించేదాకా అనువాదాలు చేస్తూనే ఉన్నాడు.

నలంద పన్నెండో శతాబ్దం చివర నాశనమైంది. ఆ పేరుతో రాజగృహం వద్ద కొత్త విశ్వవిద్యాలయంలో 2014లో తరగతులు మొదలయ్యాయి. 2024లో నూతన ప్రాంగణం ప్రారంభమైంది. విదేశీ విద్యార్థులు మళ్ళీ వస్తున్నారు. వారికి ఐదు రోజుల విశ్రాంతి, ఆరో రోజున సమాన స్థానం దొరకాలని నా కోరిక. మన ఊళ్ళనుంచి పరదేశాలకు వెళ్ళే పిల్లలకూ అదే.

పాఠ్యపుస్తకాలు వ్రాసే పెద్దలకు ఒక మనవి. ఇత్సింగ్‌కు ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని పెంచే చోటు లేకపోతే పోనీండి. అందులో ‘యాత్రికుడు’ అన్న మాట తీసి ‘విద్యార్థి’ అని వ్రాయండి. మిగిలినది తరగతిలోని అయ్యవారు చెప్పుకొంటారు. బురదగుంట కథ ఒక్కటి చెబితే చాలు, ఏ పిల్లవాడూ ఆ పేరు మరచిపోడు.